గోడౌన్ భారం దించే నల్లగళ్ల చదరం

తమిళనాడులో రాజపాళయం నుంచి సేత్తూరు మీదుగా తెన్కాశి వెళ్లే రోడ్డులో ఏ టీ కొట్టు దగ్గర ఆగినా గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అట్ట ఉంటుంది. డబ్బులు కట్టే గుర్తుగా మనకు తెలిసిన ఈ చదరం పుట్టింది జపాన్‌లో, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో. ఏ సరుకు ఎక్కడుందో తెలుసుకుని, అక్కర్లేని నిల్వ పేరుకోకుండా చూడటం దానికి అప్పగించిన మొదటి పని.

దాని వంశం మాత్రం బట్ట నేసే మగ్గంతోనే మొదలైంది. సకిచి టొయోడా 1924లో తయారుచేసిన జి రకం మగ్గం దారం తెగగానే తనంతట తానే ఆగిపోయేది. 1929లో దాని హక్కులను ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ కొనుక్కుంది. సకిచి కొడుకు కీచిరో టొయోటా పేరుతో కార్ల తయారీకి దిగి, కావలసిన భాగం కావలసిన వేళకే రావాలన్నాడు. టొయోటా ఇంజినీరు తైచి ఓనో ఆ ఆలోచనను కాన్‌బాన్ అనే చీటీతో ఆచరణలో పెట్టాడు. పెట్టెలోని భాగాలు వాడుకున్నాక చీటీ వెనక్కి వెళ్తుంది. అది చేతికొస్తేనే అవతలివాళ్లు కొత్త భాగాలు చేస్తారు. చీటీ రాకుండా సరుకు తయారు కాదు.

తర్వాత చీటీల మీదికి బార్‌కోడ్ వచ్చింది. ఒక్కో బార్‌కోడ్‌లో పట్టేవి ఇరవై అక్షరాలే కావడంతో ఒక్కో పెట్టె మీద చాలా కోడ్‌లను చదివించాల్సి వచ్చేది. పనివాళ్లు విసిగిపోయారు. ఈ ఇబ్బంది తీర్చడానికి కార్ల విడిభాగాలు చేసే డెన్సో సంస్థ ఇంజినీరు మసహిరో హారా పూనుకుని, 1994లో క్యూఆర్ కోడ్‌ను బయటపెట్టాడు. దాని మూడు మూలల్లోని చదరాల నడిమధ్య గుండా ఎటు గీత గీసినా నలుపు తెలుపులు 1:1:3:1:1 నిష్పత్తిలో వస్తాయి. మామూలు అచ్చులో అరుదుగా కనిపించే నిష్పత్తి అది. అందుకే పెట్టె ఏ పక్కకు తిరిగి ఉన్నా స్కానర్ కోడ్‌ను ఇట్టే పట్టేస్తుంది. అందులో 7,089 అంకెల దాకా పడతాయి. తగిన దిద్దుబాటు స్థాయితో ముద్రిస్తే 30 శాతం దాకా చెడినా చదవొచ్చు. నూనె మరకలు తప్పని ఫ్యాక్టరీకి అది పెద్ద వరం. పేటెంటు ఉన్నా డెన్సో ఎవరినీ రుసుము అడగలేదు.

రాజపాళయం విషయానికొస్తే, ఇంట్లో తెలుగు మాట్లాడే రాజు కులస్థుల ఊరిది. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో ఇక్కడ రాజపాళయం మిల్స్ అనే నూలు మిల్లు స్థాపించారు. ఆయన వారసుల రామ్‌కో సంస్థల నుంచే 1990ల్లో మార్షల్ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ వచ్చింది. కొనుగోళ్లు, నిల్వలు, ఉత్పత్తి, లెక్కలు అన్నిటినీ ఒక్కచోటికి చేర్చడం దాని పని.

అయితే స్పిన్నింగ్ మిల్లు గోడౌన్ కార్ల ఫ్యాక్టరీ గోడౌన్ లాంటిది కాదు. పత్తి అక్టోబరు నుంచి కొన్ని నెలల్లోనే మార్కెట్‌కు వస్తుంది, కదుర్లు ఏడాది పొడవునా తిరగాలి. నూలు ఖర్చులో సగానికి పైగా పత్తిదే కాబట్టి నిల్వ అంటే వడ్డీ పెరిగే అప్పు. పైగా 170 కిలోల బేలు ఏ రెండూ ఒక్కలా ఉండవు. ప్రతి బేలు నుంచీ గుప్పెడు పత్తి తీసి, హెచ్‌వీఐ అనే పరీక్షా యంత్రంలో పింజ పొడవు, బలం, మైక్రోనేర్ (పోగు సన్నదనం), రంగు చూస్తారు. మైక్రోనేర్ తేడాలు లెక్కచేయకుండా బేళ్లు కలిపితే, రంగు వేశాక బట్టలో చారలు తేలతాయి. ఏ బేలు ఎలాంటిదో తెలియని మిల్లు ఎందుకైనా మంచిదని నాలుగు లాట్లు అదనంగా కొనిపెట్టుకుంటుంది.

తగ్గించగలిగింది ఈ అదనాన్నే. భారతీయ పత్తికి బ్రాండు తెచ్చే కస్తూరి కాటన్ భారత్ కార్యక్రమంలో బేళ్లకు క్యూఆర్ కోడ్ వేస్తున్నారు. పరీక్ష ఫలితం కోడ్‌తో ముడిపడి, కోడ్ మిల్లు సాఫ్ట్‌వేర్‌కు అందితే, లారీ గుంటూరులో కదలకముందే ఆ బేలును ఏ మిశ్రమంలో వాడాలో ఇక్కడ నిర్ణయించుకోవచ్చు.

పంట కాలానికి తప్పని నిల్వను మాత్రం ఏ కోడూ తీసేయలేదు. 2011 జపాన్ భూకంపంలో సరఫరా తెగిపోయాక టొయోటాయే తన సరఫరాదారుల చేత 2 నుంచి 6 నెలలకు సరిపడా చిప్‌లు నిల్వ చేయించింది. 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు ఆ ముందుచూపే దాన్ని కొన్నాళ్లు కాచింది. రాజపాళయం మిల్లులకు పత్తి కూడా అలాంటి సరుకే. సీజను కోసం దాచే బేళ్లను, తెలియక కొన్న బేళ్లను గోడౌన్ పుస్తకంలో విడివిడిగా రాసుకుంటే వడ్డీ ఎక్కడ తగ్గించుకోవచ్చో మిల్లుకు కనిపిస్తుంది.