మంచు కింద నిద్రించే తీగ

రాఖీ పువ్వు మనకు సుపరిచితమే. ఊదారంగు తంతువులు చక్రంలా విచ్చుకొని, వాటి నడుమ ఐదు పరాగకోశాలు, పైన మూడు కీలాగ్రాలు కొలిచి అమర్చినట్లుంటాయి. మనవైపు దీన్నే కౌరవ పాండవుల పువ్వు అంటారు. స్పెయిన్‌ మత ప్రచారకులు ఇందులో శిలువ గాథను చూశారు. తుర్కులు గగనచక్రమన్నారు. జపానీయులు గడియారమన్నారు. పేర్లు ఎన్ని పెట్టుకున్నా, ఆ అమరిక వెనుక ఉన్న సృష్టికర్త ఒక్కడే.

ఉద్యోగరీత్యా అమెరికా, బ్రిటన్‌ వంటి చలిదేశాలలో స్థిరపడిన మన కుటుంబాలకు ఈ తీగ పెంపకం ఒక పరీక్ష. తొలి శీతాకాలంలోనే ఆకులు రాలి, తీగ నల్లబడుతుంది. చనిపోయిందనుకొని పెరికివేయడమే ఇక్కడ జరిగే పొరపాటు.

ముందుగా రకాన్ని ఎరిగి నాటాలి. మనం పండ్ల కోసం పెంచే ప్యాషన్‌ ఫ్రూట్‌ తీగ గడ్డకట్టే చలికి తాళదు. దాన్ని కుండీలో పెంచి, చలికాలంలో ఇంట్లోకి చేర్చవలసిందే. బ్రిటన్‌ తోటల్లో కనిపించే నీలిరకం మైనస్‌ 10 డిగ్రీల వరకు ఓర్చుకోగలదు. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు ‘మేపాప్‌’ మరింత గట్టిది. పైతీగ పూర్తిగా చచ్చినా, దాని వేరు మైనస్‌ 20 డిగ్రీల చలిలోనూ నేలలో బ్రతికి ఉండగలదు. టెన్నెసీ రాష్ట్ర అడవిపువ్వులలో ఇదొకటి.

మంచు భయం తొలగిన వసంతంలో, దక్షిణం వైపు ఎండ తగిలే గోడ పక్కన దీన్ని నాటాలి. అప్పుడే చలి వచ్చేలోగా వేరు బలపడుతుంది. నీరు నిలిచే నేల పనికిరాదు. చలితోపాటు తడి కూడా చేరితే వేరు కుళ్ళిపోతుంది. వేసవి చివర ఎరువు ఆపివేసి, చలి ముదిరాక పాదుపై జానెడు మందాన ఎండుటాకులు పరచాలి. ఎండిన తీగను వసంతం దాకా కత్తిరించరాదు.

ఆ తరువాత చేయవలసింది సహనం వహించడమే. తక్కిన మొక్కలన్నీ చిగురించినా మేపాప్‌ మే నెల దాకా తల ఎత్తకపోవచ్చు. జూన్‌ గడిచేవరకు పాదును తవ్వకూడదు. పూలు కొత్త రెమ్మలకే పూస్తాయి కనుక, పాత తీగ పోయినందువల్ల నష్టమేమీ లేదు. కాయలు కావాలంటే మాత్రం వేర్వేరు విత్తనాల నుండి మొలచిన రెండు తీగలు ఉండాలి.

దీని వేళ్ళు దూరంగా పాకి పిలకలు వేస్తాయి. అవి కంచె దాటకుండా ఎప్పటికప్పుడు తీసివేయడం పొరుగువారి హక్కును గౌరవించడమే. అమెరికాలో నారింజరంగు సీతాకోకచిలుకల గొంగళిపురుగులు దీని ఆకులను తిని పెరుగుతాయి. పురుగుమందు చేతికి తీసుకునే ముందు ఒక మాట తలచుకోవాలి. మనం నాటిన మొక్క వల్ల ప్రాణుల ఆకలి తీరితే అది మన ఖాతాలో దానంగా నమోదవుతుందని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). వేరు బలంగా ఉంటే తీగ మళ్ళీ ఆకులు తొడుగుతుంది.

నిర్జీవమైన నేలను అల్లాహ్‌ తిరిగి బ్రతికించే తీరును గమనించమని దివ్య ఖుర్‌ఆన్‌ మన దృష్టిని మళ్ళిస్తుంది (30:50, 41:39). నెలల తరబడి ఖాళీగా కనిపించిన పాదులో తొలి మొలక తలెత్తిన రోజున పిల్లలను పిలిచి చూపించండి. పునరుత్థానం గురించి వారితో మాట్లాడటానికి అంతకంటే అనువైన సమయం దొరకదు.