పసిరికపాము

పట్టిసీమ రేవున పడవ నెక్కి వీరభద్రేశ్వర దర్శనార్థమై దేవకూటాద్రికి పోవువారి చూపు సహజముగా ఎగువనున్న పాపికొండలపై నిలుచును గాని, ఆ కొండల యడవిలో తీగలతో తీగయై, గాలి వీచినప్పుడు కొమ్మతోపాటు తానును మెల్లగా ఊగుచు, తొండ రాకకై వేచియుండు పసిరికపాము పక్కనే నిలిచినవానికి సైతము సులభముగా కానరాదు. నాలుగైదడుగుల పొడవునకు పెరిగినను దాని దేహము వ్రేలి లావును మించదు. ఆ పొడవులో మూడవ వంతుకు పైగా తోకయే.

ఇది కన్నులు పొడుచునని దక్షిణదేశమున చిరకాలముగా భయము కలదు. మనిషి ముఖమెత్తున కొమ్మలపై నుండుటయు, అదరినప్పుడు నోరు తెఱచి తల విసరుటయు అందులకు హేతువులు కావచ్చును. నిజమునకు వింత గొలుపునవి దాని కన్నులే. అన్యసర్పములలో పెక్కింటి కనుపాప గుండ్రముగనో నిలువుగనో యుండగా, దీనిది అడ్డముగా త్రిప్పిన తాళపుచెవి రంధ్రమువలె నుండును. కంటినుండి ముక్కుకొన వఱకు ఇరుప్రక్కల ఒక్కొక్క గాడి యుండుటచే రెండు కన్నులును ఏకకాలమున ముందున్న వస్తువును చూచి దూరమును గుణించుకొనగలవు.

ఇక విషము మాట. నాగుపాము కోఱలు నోటి ముందుభాగమున నుండి లోన గొట్టమువలె బోలుగా నుండును. పసిరిక కోఱలు పైదవడ వెనుకభాగమున నుండి, వెలుపల గాడి మాత్రమే కలిగియుండును. కాటు వేసినంతనే విషము దిగదు. ఎరను పట్టి, నమలుచు, గాడివెంట విషము జాఱువఱకు ఓర్చుకొనవలెను. అందుచేతనే యిది తొండను మెడకడ కఱచి, దాని కాళ్లకు ఆధారము చిక్కకుండ గాలిలోనికెత్తి, చచ్చుబడిన పిమ్మట తలవైపునుండి మ్రింగును. మనుష్యులకు వాపు, నొప్పి, తిమ్మిరి కలిగి సాధారణముగా రెండు మూడు దినములలో తగ్గిపోవును. ఇది గ్రుడ్లు పెట్టదు, పిల్లలనే కనును.

1780ల దశకమున విశాఖపట్టణమున నివసించిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్, 1796లో లండనున వెలువరించిన సర్పగ్రంథమున దీనికి తెలుగువారి పేరునే వాడెను. శాస్త్రజ్ఞులు చాలకాలము దీనిని సింహళపు పాముతో కలిపి ‘అహేతుల్లా నసూటా’ యనిరి; 2020లో జన్యుపరీక్షానంతరము ఆ పేరు సింహళమునకే మిగిలి, మన మైదానపు జాతికి ‘అహేతుల్లా ఆక్సిరింకా’ యను పాత నామము తిరిగి వచ్చినది.

తూర్పు కనుమలలో పింజర జాతికి చెందిన పచ్చపాము మఱొకటి కలదు. అది వెదురుపొదల నుండును, రాత్రివేళ తిరుగును, దాని కోఱలు ముందువి, బోలువి. ఈ రెంటిని వేఱుపఱచుటకు రంగు పనికిరాదు, తలను చూడవలెను: పింజరది వెడల్పగు త్రికోణము, పసిరికది సూదిముక్కు.