పాత లారీ డీజిలు హెచ్చుగా త్రాగుచున్నదా?

పోయిన ధాన్యపు కాలమున కృష్ణా డెల్టాలోని మా సంఘపు లారీ మాకు గొప్ప చిక్కు తెచ్చిపెట్టినది. అది ఇరువది యేండ్లు దాటిన బండి. కళ్లముల నుండి మిల్లునకు ధాన్యమును, రైలు స్టేషను గోదాము నుండి గ్రామమునకు ఎరువుల బస్తాలను మోయుటయే దాని పని. లీటరు డీజిలుకు 5 కిలోమీటర్లు నడచిన ఆ బండి క్రమక్రమముగా 4 కిలోమీటర్ల లోపునకు దిగినది. బరువుతో కాలువ వంతెనను రెండవ గేరులో ఎక్కెడిది, మొదటి గేరునకు దిగిననే గాని ఎక్కకుండెను. పొగగొట్టము నుండి నల్లని పొగ వెడలుచుండెను. కోతలు ముమ్మరముగా నున్న దినములలో లారీ కొన్నాళ్లు మేస్త్రి యొద్దను, కొన్నాళ్లు దారిలోను గడపినది. ధాన్యము కుప్పలు పోసికొని మబ్బుల వంక చూచుచు కూర్చున్న సభ్యుల ఆందోళన ఇంతింత యనరాదు.

పాలకవర్గము సమావేశమైనది. అప్పటికే ఒకసారి డీజిలు పంపును విప్పించి, నాజిలులు మార్పించి, బిల్లు చెల్లించి యుంటిమి. ఫలము మాత్రము కనరాలేదు. ఇంజను బోరు చేయింపవలెనని కొందరు, బండిని వచ్చినకాడికి అమ్మి క్రొత్తది కొనవలెనని కొందరు పట్టుబట్టిరి. దేనికైనను ధనము సభ్యుల వాటాల నుండియే రావలెను గదా! అప్పుడు పొరుగూరి వృద్ధ మేస్త్రి యొకరిని పిలిపించితిమి. ఆయన మా మాటలన్నియు విని, “అయ్యా, పంపు సంగతి పిమ్మట చూతము. బండి దారి నుండి వచ్చి నిలిచిన వెంటనే చక్రముల దగ్గర చేయి పెట్టి చూచినారా?” అని యడిగెను. ఎవరమును చూడలేదు.

ఆయన చూపిన వరుసను ఇచ్చట వ్రాయుచున్నాను. పాత బండి గల ప్రతి సంఘమునకును, ప్రతి రైతునకును ఇది అక్కఱకు వచ్చును. పద్ధతి యొక్కటే: ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చు గలది వెనుక. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

మొదట కొలత

“బండి ఎక్కువ త్రాగుచున్నది” అను మాట కొలత గాదు. ట్యాంకును మూతి వఱకు నింపి, కిలోమీటర్ల అంకెను వ్రాసికొని, మూడు నాలుగు వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట అదే బంకులో అదే మట్టమునకు మరల నింపవలెను. నడచిన దూరమును పట్టిన లీటర్లతో భాగించిన వచ్చునదే నిజమైన మైలేజి. ఒక్కసారితో తృప్తిపడక మూడు మారులు చూచుట మంచిది.

స్పీడోమీటరు నిజము చెప్పుచున్నదో లేదో రహదారి ప్రక్కనున్న కిలోమీటరు రాళ్లతో సరిచూచికొనవలెను. లోగడ ఉన్నవాని కంటె పెద్ద టైర్లు వేసినయెడల మీటరు దూరమును తక్కువగా చూపును. అపుడు మైలేజి తగ్గకున్నను తగ్గినట్లు తోచును. ట్యాంకు నుండి గాని, గొట్టముల నుండి గాని డీజిలు కారుచున్నదేమో, రాత్రివేళ ఎవరైన తీయుచున్నారేమో యనియు విచారింపవలెను. ఈ పరీక్షలకు కాగితము, పెన్సిలు దప్ప మఱి ఖర్చు లేదు.

లాభనష్టములు లెక్కించి చూడుడు. లీటరుకు 5 కిలోమీటర్లు నడచు బండికి 1000 కిలోమీటర్లకు 200 లీటర్లు చాలును. అది 4కు దిగినచో 250 లీటర్లు కావలెను. ప్రతి వేయి కిలోమీటర్లకు 50 లీటర్లు ఊరక పొగయై పోవుచున్నవన్నమాట.

బండి తేలికగా దొర్లుచున్నదా?

ఇంజను ఎంత బలముగా నున్నను, చక్రములు బిగిసియున్న ఆ బలము వ్యర్థమగును. బండి కొంతదూరము నడచి నిలిచిన వెంటనే ప్రతి చక్రపు డ్రమ్మునకు చేయి చేరువగా పోనిచ్చి వేడిని పోల్చవలెను. డ్రమ్మును తాకరాదు, చేయి కాలును. వేడి డ్రమ్ముపై నీరు చల్లరాదు, పగులును. అన్ని చక్రములును ఇంచుమించు ఒకే వేడితో నుండవలెను. ఒక్కటి మిక్కిలి వేడిగా నున్నయెడల అచ్చట బ్రేకు విడువకున్నదనియో, బేరింగు చెడినదనియో గ్రహింపవలెను. పిమ్మట తక్కిన చక్రములకు దిమ్మెలు వేసి, ఆ చక్రమును జాకీతో లేపి, గేరు న్యూట్రలులో నుంచి చేతితో త్రిప్పి చూడవలెను.

మా లారీకి వెనుక ఎడమ చక్రము వేడిగా నుండెను. విప్పి చూడగా బ్రేకు లైనర్లను విరియజేయు క్యాము షాఫ్టు గ్రీజు లేక తుప్పుపట్టి, పెడలు విడిచిన తరువాతను వెనుకకు తిరుగకుండెను. అనగా మా డ్రైవరు కొన్ని నెలలుగా ఒక కాలితో బ్రేకు త్రొక్కుచు మఱియొక కాలితో బండి నడుపుచున్నట్లే! షాఫ్టును శుభ్రపరచి, బుష్షులు మార్చి, గ్రీజు పెట్టుటకు ఒక్క పూట పట్టినది.

టైర్లలో గాలి తక్కువైనను బండి బరువుగా దొర్లును. గాలిని చల్లని టైర్లలోనే కొలువవలెను. జంట టైర్ల మధ్య లోపలి టైరును చాలమంది మరచెదరు. క్లచ్చు జారుచున్నచో ఎత్తు ఎక్కునపుడు ఇంజను మ్రోత హెచ్చునే గాని బండి వేగము హెచ్చదు. మాడిన వాసన కూడ వచ్చును. ఇట్టి బండికి ఎన్ని పంపులు మార్చినను బలము రాదు.

గాలి చాలినంత అందుచున్నదా?

1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున రుడాల్ఫ్ డీజిలు నడిపి చూపిన ఇంజనునకును, మన లారీ ఇంజనునకును మూలసూత్ర మొక్కటే. గాలిని గట్టిగా నొక్కిన అది మిగుల వేడెక్కును. ఆ వేడిగాలిలో చమురును చిమ్మిన దానంతట అదే మండును. ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలుటకు సుమారు 10,000 లీటర్ల గాలి కావలెను. చమురును గూర్చి ఇంత ఆలోచించు మనము గాలిని మరచుట వింత గదా!

కళ్లములలోను, మిల్లుల ముంగిట తవుడు, ఊక ఎగురు చోట్లను తిరుగు బండికి ఎయిర్ ఫిల్టరు త్వరలో మూసికొనిపోవును. కాగితపు ఫిల్టరును నేలకు వేసి కొట్టరాదు, మడతలు చినుగును. లోపలి నుండి వెలుపలికి కొద్దిపాటి ఒత్తిడి గాలితో ఊదవలెను. లోపల దీపము పెట్టి చూచిన వెలుతురు సరిగా కనరానిచో మార్చవలెను. నూనె తొట్టి గల ఫిల్టరైనచో బురదవలె మారిన నూనెను పారబోసి గుర్తు వఱకు క్రొత్తది పోయవలెను. ఫిల్టరు లేకుండ మాత్రము బండిని నడుపనే రాదు. ధూళి రింగులను, లైనర్లను ఆకురాయివలె అరుగదీయును.

టర్బో గల బండ్లలో టర్బో నుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టములు చీలినవేమో, క్లిప్పులు వదులైనవేమో చూడవలెను. చీలిక యున్నచో బరువు లాగునపుడు బుసకొట్టు శబ్దము వినవచ్చును. వచ్చు గాలివలెనే పోవు పొగకును దారి కావలెను. సైలెన్సరు నొక్కుకొని గాని, మసితో పూడి గాని యున్నను, ఎగ్జాస్టు బ్రేకు పలక సగము మూసికొని నిలిచిపోయినను బలము తగ్గును.

డీజిలు అందుచున్నదా?

ముందుగా ఒకరు క్యాబినులో పెడలును చివర వఱకు నొక్కుచుండగా, వేఱొకరు పంపు నొద్ద లీవరు పూర్తిగా తిరుగుచున్నదా యని చూడవలెను. కడ్డీ వంగినను, కీలు అరిగినను, పెడలు క్రింద చాప మందముగా నున్నను పంపు పూర్తిగా తెరచుకొనదు. పంపు చెడినదని విప్పిన బండ్లలో దోషము ఈ కడ్డీలోనే యున్న సందర్భములు కలవు.

ట్యాంకు మూతలోని గాలిరంధ్రము మట్టితో పూడినచో, కొంతదూరము నడచిన పిమ్మట బండి బలము కోల్పోవును. అపుడు మూత తీయగా గాలి బుస్సున లోనికి పోయి, బండి మరల బాగుగా నడచినచో దోషము తేలినట్లే. ఒక సూదితో పోవు రోగమది!

ట్యాంకు అడుగున చేరిన నీటిని, మడ్డిని మఱ బిరడా విప్పి తీయవలెను. ట్రాక్టరుల కొఱకు డ్రమ్ములలో డీజిలు నిలువచేయు రైతులు ఈ విషయమున మఱింత జాగ్రత్త వహింపవలెను. సగము నిండిన డ్రమ్ములో రాత్రి చలికి లోపలి తేమ నీరై అడుగున చేరును. ఫీడు పంపు జల్లెడను కడిగి, డీజిలు ఫిల్టర్లను గడువునకు మార్చవలెను. ట్యాంకునకును ఫీడు పంపునకును నడుమ వాషరు చెడిన చమురు బయటికి కారదు, గాలి లోనికి పోవును. బండి త్రుళ్లిత్రుళ్లి నడచును. కిరసనాయిలు కలిసిన డీజిలు లీటరుకు తక్కువ శక్తి నిచ్చుటయే గాక, జిడ్డు చాలక పంపును కూడ అరుగదీయును.

పొగ చెప్పు మాట

బరువుతో నల్లని పొగ వచ్చిన, ఉన్న గాలికి మించి చమురు పడుచున్నదని యర్థము. ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లని పొగ మానకున్న, చమురు కాలక పోవుచున్నదనియో, నీరు లోపలికి చేరుచున్నదనియో తలపవలెను. నీలపు పొగ ఇంజను ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు.

అయితే పొగను చూచి తొందరపడరాదు. మా లారీ నల్లపొగకు పంపే కారణమని అందరమును తలచితిమి. బిగిసిన బ్రేకును ఈడ్చుటకు డ్రైవరు పెడలును ఎల్లవేళల నేల కంట నొక్కుచుండెను. పైగా ఫిల్టరు తవుడుతో మూసికొని యుండెను. చమురు హెచ్చు, గాలి తక్కువ. నల్లపొగ రాక యేమగును?

పంపు, నాజిలులు

పై పరీక్షలన్నియు ముగిసినను దోషము తేలనపుడే వీని జోలికి పోవలెను. పాతకాలపు పంపు గల ఇంజను ఊరక తిరుగుచుండగా, మేస్త్రి నాజిలు గొట్టముల నట్టులను ఒక్కొక్కటిగా వదులుచేసి చూచును. వదులుచేసినపుడు ఇంజను మ్రోత మారినచో ఆ సిలిండరు పని చేయుచున్నది. మారనిచో అది సోమరి. ఆ ఒక్క నాజిలును బెంచిపై పరీక్షించిన చాలును, అన్నిటిని మార్చ నక్కఱలేదు.

హెచ్చరిక: చిమ్ముచున్న నాజిలు ముందు చేయి పెట్టరాదు. ఆ ధార చర్మమును చీల్చి లోనికి పోవును. గాయము సూదిమొన యంతయే యున్నను ప్రమాదకరము. వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇంజనును కంప్యూటరు నడపు బండ్లలో ఈ నట్టులను వదులుచేయనే కూడదు. అందలి ఒత్తిడి అనేక రెట్లు హెచ్చు. 1 ఏప్రిల్ 2020 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 డీజిలు లారీలు ఇట్టివే. వానిని యంత్రము పెట్టి పరీక్షించు చోటికే కొనిపోవలెను.

పంపును విప్పి మరల బిగించిన పిమ్మట బలము తగ్గినచో, టైమింగు తప్పినదేమో యని మొదట చూడవలెను. చమురు ఆలస్యముగా పడిన బలము తగ్గును, ముందుగా పడిన ఇంజను కొట్టుకొనును. “పంపు కొంచెము పెంచెదను” అని సీలు తీయు మేస్త్రిని వారింపుడు. నాలుగు దినములు బలము వచ్చినట్లు తోచును. పిమ్మట డీజిలు పోవును, పిస్టన్లును కాలును.

ఇంజను లోపల

కడపటిది ఇది. ట్యాపెట్ల సందును కంపెనీ పుస్తకములో చెప్పిన కొలతకు సరిచేయించుటకు ఖర్చు స్వల్పము. వేడెక్కునను భయముతో థర్మోస్టాటును తీసివేయించిన బండ్లు మనలో ఎన్నియో కలవు. ఇంజను తగిన వేడికి రాకున్నను డీజిలు హెచ్చుగా పోవును. ఆయిలు పోయు మూత తీయగా పొగ బలముగా చిమ్ముచు, ఉదయము స్టార్టగుటకు మొరాయించుచు, నీలపు పొగ వదలుచున్నచో కంప్రెషను కొలిపించవలెను. కొలత తగ్గినదని రుజువైన పిమ్మటనే రింగులు, లైనర్ల మాట యెత్తవలెను.

మా బండి యేమైనది?

బ్రేకు సరిచేసి, ఎయిర్ ఫిల్టరు మార్చి, టైర్లలో గాలి సరిపెట్టిన తరువాత ట్యాంకునకు ట్యాంకు కొలిచి చూడగా మైలేజి ఇంచుమించు పూర్వపు 5 కిలోమీటర్లకు వచ్చినది. వంతెనను రెండవ గేరులో ఎక్కుచున్నది. ఇంజను బోరు మాటయు, అమ్మకము మాటయు మరల రాలేదు. వృథాగా పోయినది మొదట మేము పంపునకు పెట్టిన ఖర్చే. అది పోనిచ్చి, నేర్చినదానిని నిలుపుకొనుచున్నాము.

ఇపుడు లారీలో ఒక పుస్తకము నుంచితిమి. నింపిన లీటర్లు, మీటరు అంకె, మోసిన బస్తాలు, చేసిన మరమ్మతు అందు డ్రైవరు వ్రాయును. నెలకొకసారి కార్యదర్శి చూచి సంతకము చేయును. బస్తాల లెక్క యేల యందురేమో! బస్తా 75 కిలోల చొప్పున ఇరువది బస్తాలు అదనముగా వేసిన 15 క్వింటాళ్ల బరువు హెచ్చును. అట్టి నెలలో మైలేజి తగ్గినచో దోషము బండిది గాదు, మనది.

మైలేజి అంకె తగ్గుట మొదలైన నెలలోనే ఆ పుస్తకము మనకు చెప్పును. నెలల తరబడి బ్రేకు ఈడ్చిన బండిని వంతెన మీద నిలిచిన నాడు గుర్తించుట కంటె అది మేలు గదా! పాత బండి గల సంఘములు ధాన్యపు కాలమునకు ముందే ఈ పరీక్షలు ముగించుకొనుట శ్రేయస్కరము.