బరువు తగ్గాలంటే అన్నం మానేయాలా?

అక్కర్లేదు. పదమూడు, పద్నాలుగేళ్లకు ఎముకలు, కండలు ఇంకా పెరుగుతుంటాయి. తిండి బాగా తగ్గిస్తే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. ఆడపిల్లలకు నెలసరి తప్పొచ్చు. అందుకే చాలామంది పిల్లలకు డాక్టర్లు బరువు తగ్గించమనరు, పెరగకుండా చూసుకోమంటారు. పొడవు పెరిగేకొద్దీ ఎత్తుకు తగ్గ బరువు లెక్క సరిపోతుంది. బీఎంఐ అనే ఆ లెక్కా పెద్దల కొలతలతో వేసేది కాదు, మీ వయసును బట్టి వేస్తారు.

మరెలా? మన డెల్టాలో కంచం నిండా తెల్లన్నమే! దాన్ని కొంచెం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి. ప్రభుత్వ బడిలో పెట్టే గుడ్డు, 2023లో మొదలైన రాగిజావ వదలొద్దు. కూల్‌డ్రింకు మాత్రం రోజూ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 60 నిమిషాలు ఒళ్లు కదిలించమంటోంది: గన్నవరంలో ఏలూరు కాలువ వెంబడి సైకిలైనా, కబడ్డీ అయినా సరే.