డబ్బా మీద ఆ మూడక్షరాలు!

వెలిగండ్ల మండలంలో ఓ పల్లె అనుకోండి. మే నెల మధ్యాహ్నం. పశ్చిమ ప్రకాశం ఎండ సంగతి చెప్పేదేముంది... నిప్పులు చెరుగుతోంది. రెండేళ్ల పిల్లాడికి తెల్లవారుజాము నుంచీ ఒకటే నీళ్ల విరేచనాలు. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో కూలి పనికి పోయారు. ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. 'విరేచనాలయితే ఓఆర్‌ఎస్ తాపించాలవ్వా' అని ఆశా కార్యకర్త చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. పక్కింటి కుర్రాణ్ని మందుల షాపుకు పంపింది. వాడు తెచ్చింది నారింజ పండు బొమ్మ ఉన్న అట్ట డబ్బా. మీద ఇంగ్లిషులో ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. తియ్యగా ఉందేమో, పిల్లాడు మారాం చెయ్యకుండా తాగేశాడు. సాయంత్రానికి విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి.

ఊహే. కానీ 2025 చివరిదాకా మన దేశంలో ఏ ఊళ్లోనైనా జరగడానికి వీలున్న సంగతి. ఎందుకంటే ఆ డబ్బాలో ఉన్నది ఓఆర్‌ఎస్ కాదు. పంచదార దండిగా వేసిన పళ్లరసం లాంటి పానీయం!

ఉప్పుకి తోడు గ్లూకోజు

అసలు ఓఆర్‌ఎస్‌లో ఏముంటుంది? చూస్తే చాలా సాదా సరుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన లెక్క ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5 గ్రాముల పొడి. అంతే.

కిటుకంతా ఆ పాళ్లలోనే ఉంది. విరేచనాలప్పుడు పేగు ఉత్త నీటిని సరిగా పీల్చుకోలేదు. అయితే ఉప్పులోని సోడియానికి గ్లూకోజు తోడైతే రెండూ కలిసి పేగు గోడ దాటుతాయి. వాటి వెనకే నీరూ ఒంట్లోకి చేరుతుంది. గ్లూకోజు కావలసింది తోడుకే, తీపికి కాదు. పంచదార మోతాదు మించిందా... కథ అడ్డం తిరుగుతుంది. చిక్కటి తీపి ఒంట్లో నీటినే పేగులోకి లాగేస్తుంది. ఆగాల్సిన విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

ఈ పొడి గొప్పతనం ఏమిటో 1971లో లోకానికి తెలిసింది. బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులతో బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరం కిక్కిరిసింది. కలరా సోకింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకి పడిపోయాయి. 2022లో కన్నుమూసిన ఆయనకు మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

అలా ప్రాణాలు నిలిపి సంపాదించుకున్న పేరది. ఏ కంపెనీ ప్రచారంతోనో వచ్చింది కాదు. అంగన్‌వాడీల్లో, పల్స్‌పోలియో శిబిరాల్లో, గోడల మీద రాతల్లో ప్రభుత్వం ఏళ్ల తరబడి చెప్పగా చెప్పగా జనం నోట నిలిచింది. అంత చెప్పినా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో విరేచనాలైన పిల్లల్లో పదిమందికి ఆరుగురికే ఓఆర్‌ఎస్ అందినట్టు తేలింది. ప్రపంచంలో ఏటా సుమారు 4.4 లక్షల మంది అయిదేళ్ల లోపు పిల్లల్ని విరేచనాలు బలి తీసుకుంటున్నాయి. ఆ పేరుకున్న విలువ అంతటిది మరి.

ఎనిమిదేళ్ల పోరు

ఈ తేడాను పట్టుకుని వదలని మనిషి హైదరాబాద్‌లో ఉన్నారు. పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్. ఓఆర్‌ఎస్ వాడుతున్నామని తల్లులు చెబుతున్నారు, పిల్లలకేమో తగ్గడం లేదు. ఏం తాగిస్తున్నారని ఆరా తీస్తే ఈ డబ్బాలు బయటపడ్డాయి. వీటిలో లీటరుకు పంచదార 120 గ్రాముల దాకా ఉంటోందని, ఉండాల్సిన లవణాలేమో తక్కువని ఆమె లెక్కలు చూపించారు. ఓఆర్‌ఎస్‌లోని గ్లూకోజుతో పోలిస్తే దాదాపు తొమ్మిది రెట్లు! ఎనిమిదేళ్లపాటు అధికారులకు లేఖలు రాశారు, వీడియోలు పెట్టారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు.

ఈ వ్యవహారంలో చిత్రమైన సంగతి ఒకటుంది. 2022 ఏప్రిల్‌లోనే ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ పేరు వాడొద్దంది. మూడు నెలలు తిరగ్గానే జులైలో మెత్తబడింది. ట్రేడ్‌మార్క్‌లో ముందో వెనకో ఆ అక్షరాలు ఉంటే ఉండనివ్వండి, కాకపోతే 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన ఓఆర్‌ఎస్ కాదు' అని డబ్బా మీదే రాయండి అంది. అంటే... పేరేమో ఓఆర్‌ఎస్, కింద వివరణేమో 'ఇది ఓఆర్‌ఎస్ కాదు'! ఆ హెచ్చరికను పసిబిడ్డకు విరేచనాలవుతున్నప్పుడు వెలిగండ్ల నాయనమ్మ చదవాలి. అదీ ఇంగ్లిషులో!

ఇలాంటి పానీయాల్లో బాగా పేరున్నది ఓఆర్‌ఎస్‌ఎల్. జాన్సన్ అండ్ జాన్సన్ నుంచి 2023లో విడివడిన కెన్‌వ్యూ సంస్థకు చెందిన జేఎన్‌టీఎల్ కన్స్యూమర్ హెల్త్ దాన్ని అమ్మేది. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌కూ 'రీబ్యాలంజ్ విటోర్స్' ఉండేది. ఊరూపేరూ లేని వ్యాపారులేం కాదు. మందులతో, పసిపిల్లల సబ్బులూ పౌడర్లతో ఇంటింటా నమ్మకం సంపాదించుకున్న సంస్థలు. ఎండనపడి అలసిన పెద్దవాళ్లకు ఇలాంటి పానీయం అమ్మడం నేరం కాదు. దాన్ని ఏ పేరుతో, ఏ అరలో పెట్టి అమ్మాలన్న దగ్గరే వచ్చింది చిక్కంతా. కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో ఉంటే అది ఇంకో పళ్లరసం. మందుల షాపులో ఆ మూడక్షరాలతో ఉంటే వైద్యం. మార్కెటింగ్ వాళ్లకు ఈ తేడా తెలియదంటే నమ్మడం కష్టం.

చివరికి 2025 అక్టోబరు 14న సంస్థ పాత సడలింపులను ఉపసంహరించుకుంది. అసలు ఓఆర్‌ఎస్ సూత్రానికి సరిపోని ఏ పానీయానికీ పేరులో ఆ మాట ఉండకూడదు, హెచ్చరిక రాసినా సరే కుదరదు అని తేల్చింది. శివరంజని ఆనందంతో కన్నీళ్లు పెట్టుకున్న వీడియో దేశమంతా చూసింది. మూడు రోజులకే ఢిల్లీ హైకోర్టులో జేఎన్‌టీఎల్‌కు తాత్కాలిక ఊరట దొరికింది. తమ వాదన వినకుండానే ఉత్తర్వులిచ్చారన్నది కంపెనీ అభ్యంతరం. వాదన విన్న సంస్థ అక్టోబరు 30న దాన్ని తోసిపుచ్చింది. నిల్వలు అమ్ముకోనివ్వాలని అడిగిన డాక్టర్ రెడ్డీస్‌కూ మర్నాడు కోర్టులో చుక్కెదురైంది. నవంబరు 19న, దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో ఉన్న సరుకును వెంటనే తీసేయించాలని రాష్ట్రాలకు ఆదేశాలు వెళ్లాయి.

పేరు మార్చుకుంటే పానీయం మారదు కదా! 2024 ఏప్రిల్‌లో బోర్నవిటా లాంటి వాటిని 'హెల్త్ డ్రింక్స్' వరస నుంచి తీసేయమని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. చట్టంలో అసలు ఆ మాటకు నిర్వచనమే లేదు మరి. ఎలక్ట్రోలైట్, ఎనర్జీ, హైడ్రేషన్... డబ్బాలకు మాటల కొదవేం లేదు.

షాపుకెళ్తే...

విరేచనాలకు కావలసింది పొడి పొట్లం. దానిమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైందని ఉందో లేదో చూడండి. పెద్ద పొట్లం లీటరు నీటికి, 4 గ్రాముల చిల్లర ఉండే చిన్నది 200 మిల్లీలీటర్లకు. సగం పొడి వాడి సగం దాచడం, ఎక్కువ నీళ్లు పోసి పలచన చేయడం వద్దు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆశా కార్యకర్త దగ్గర ఈ పొట్లాలు ఉచితం. పొట్లం చేతికి అందేలోపు ఇంట్లోనే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. చెంచా టీస్పూనే కావాలి, తలగొట్టి కొలవాలి.

నీళ్ల విషయంలో కనిగిరి ప్రాంతం వాళ్లకు ఇంకో మాట. కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. పొడి కలపడానికీ తాగే నీళ్లే వాడండి, బోరు నీళ్లు వద్దు. ఓఆర్‌ఎస్‌తోపాటు డాక్టర్లిచ్చే జింకు మాత్రలను విరేచనాలు తగ్గిపోయినా 14 రోజులూ వేయాలి. తల్లిపాలు ఆపకూడదు. బిడ్డ మగతగా పడుకున్నా, కళ్లు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం పడినా పొట్లంతో సరిపెట్టకుండా ఆసుపత్రికి బయల్దేరాల్సిందే.