చివరి మడి కూడ తడవవలెను
మనసు జబ్బులకు వైద్యము – అందరికీ, అన్ని వాడలకూ



కాలువ క్రింద సాగు చేయువారికి ఒక సంగతి క్రొత్తగా చెప్పనక్కర లేదు. తూము ఎత్తినంత మాత్రమున ఆయకట్టు అంతయు తడవదు. ఎగువ మళ్ళవారు పారించుకొనగా మిగిలిన నీరే దిగువకు దిగును. కొన్ని యేండ్లు అదియును దిగదు. చివరి మడి రైతు కూడ అందరివలెనే దుక్కి దున్ని నారు పోసినవాడే. నీరు లేనిచో అతని పైరు కూడ ఎండును. కనుక నీటి పంపకము బాగున్నదా లేదా అని తెలిసికొనవలెనన్నచో తూము దగ్గర నిలుచుండి చూచిన చాలదు. గట్టు వెంట నడచిపోయి చివరి మడిని చూడవలెను.

మనసు జబ్బుల వైద్యమును గురించి కూడ ఈ మాటయే చెప్పవలసి యున్నది. వైద్యము కలదు. మందులు కలవు. చట్టము కలదు. అవి ఎవరివరకు చేరుచున్నవి అన్నదే ప్రశ్న.

మూడు ఇండ్లు, ఒకటే జబ్బు

మీ ఊరిలో మూడు ఇండ్లను ఊహించుకొనండి.

మొదటి యింటి యజమాని పదియెకరముల పట్టాదారు. ప్రత్తి గులాబిరంగు పురుగు పాలైనది. నెల దినములుగా అతనికి నిద్ర లేదు. అన్నము సహించదు. చేనివైపు చూచుటకైనను మనసు రాదు. పట్టణములోని కుమారుడు వచ్చి కారులో మానసిక వైద్యుని వద్దకు తీసికొని పోయెను. రెండు మూడు నెలలలో మనిషి తేరుకొనెను.

రెండవ యింటివాడు ఆ ప్రక్కనే నాలుగెకరములు కౌలుకు చేసినవాడు. కౌలు నోటిమాట, కాగితము లేదు. కాగితము లేనందున బ్యాంకు అప్పు పుట్టలేదు. వడ్డీ వ్యాపారి అప్పే దిక్కయ్యెను. అతనికి కూడ నిద్ర లేదు. ప్రొద్దు గ్రుంకగానే త్రాగుట మొదలుపెట్టెను. ఊరివారు అతనిని చూచి "తాగుబోతు" అనిరి. "జబ్బు మనిషి" అని ఒక్కరును అనలేదు.

మూడవ యిల్లు ఊరి చివర వాడలో నున్నది. ప్రత్తితీతకు కూలికి పోవు ఒక ఆమెది. కాన్పు అయి నెలన్నర అయినది. బిడ్డను దగ్గరకు తీయదు. గోడవైపు తిరిగి పండుకొనును. "గాలి సోకినది" అని అత్తవారు భూతవైద్యుని పిలిచి, కోడికి, తాయెత్తుకు అప్పు చేసిరి. ఆసుపత్రికి పోవలెనన్నచో ఒకనాటి కూలి పోవును. బస్సు ఖర్చు కావలెను. తోడు ఒకరు రావలెను. ఆ తోడు వచ్చినవారి కూలి కూడ పోవును.

ఈ ముగ్గురి జబ్బు ఒకటే. దానిని కుంగుబాటు అందురు. పట్టణములలో డిప్రెషన్ అనుట వాడుక. ఇది చేతబడి కాదు, సోమరితనము కాదు, పూర్వజన్మ పాపము కాదు. మలేరియావలె, మధుమేహమువలె ఇదియును ఒక జబ్బు. చికిత్సతో నయమగు జబ్బు. జబ్బు ముగ్గురిని సమానముగానే చూచినది. వైద్యము మాత్రము సమానముగా చూడలేదు.

లెక్కలు చెప్పు సంగతి

దేశములో 2015–16లో 12 రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగినది. పెద్దవారిలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో బాధపడుచున్నారని అందు తేలినది. జబ్బును బట్టి, నూటికి 70 నుండి 92 మందివరకు చికిత్స అందనివారే.

జాతీయ నేర గణాంక సంస్థ 2022వ సంవత్సరపు లెక్కలను చూడండి. వ్యవసాయముపై బ్రదుకువారిలో ఆ యేడు 11,290 మంది ఆత్మహత్య చేసికొనిరి. వారిలో సాగుదారులు 5,207 మంది. వ్యవసాయ కూలీలు 6,083 మంది. మనము ఎప్పుడును "రైతుల ఆత్మహత్యలు" అనియే చెప్పుకొందుము. కూలీల సంఖ్య అంతకంటె హెచ్చు అను సంగతి చాలమందికి తెలియదు. ఇక స్త్రీల మాట. సాగుదారుల లెక్కలో స్త్రీలు 208 మంది మాత్రమే. నాటు వేసి, కలుపు తీసి, కోత కోయు స్త్రీలు మన పొలములలో ఎందరో మీకు తెలియును. భూమి తమ పేర లేని స్త్రీని "రైతు" అని వ్రాసికొనువారు అరుదు. లెక్కలోనికి రానివారి బాధ ఎవరి కంటికిని ఆనదు. కంటికి ఆనని బాధకు మందు పోదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2017లో వచ్చినది. 2018 మే 29 నుండి అమలులో నున్నది. గ్రామాధికారులు, పంచాయతీ సభ్యులు దీనిలోని ముఖ్య విషయములు తెలిసియుండవలెను.

1. ప్రభుత్వము నడపు లేక ధనసహాయము చేయు సేవలలో మానసిక వైద్యము పొందుట ప్రతి ఒక్కరి హక్కు. స్త్రీ పురుష భేదము, లైంగిక స్వభావము, మతము, సంస్కృతి, కులము, వర్గము, అంగవైకల్యము మొదలగు ఏ కారణము చేతను వివక్ష చూపరాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కూడ ఈ హక్కు సమానమే.

2. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, దిక్కు లేనివారికి, ఇల్లు లేనివారికి ప్రభుత్వ వైద్యశాలలలో ఈ చికిత్స ఉచితము.

3. రోగిని ఏ విధముగను గొలుసులతో కట్టరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రమమునకు నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడియున్న 28 మంది రోగులు పారిపోలేక మరణించిరి. ఆ సంగతిని మరువరాదు.

4. మతి చెడి వీధులలో తిరుగుచు తనను తాను కాచుకొనలేని మనిషిని పోలీసులు రక్షణలోనికి తీసికొని 24 గంటలలోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను. లాకప్పులో పెట్టరాదు.

5. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మనోవ్యధలో నున్నట్లు భావించి అతనికి సంరక్షణ నీయవలెను. "కేసు అగును" అను భయముతో అట్టివానిని ఆసుపత్రికి తీసికొనిపోక దాచుట మహాపరాధము. ముందు ప్రాణము దక్కించవలెను.

ఇంటి ముంగిటికి పోయినపుడు

చివరి మడికి నీరు చేర్చుట అసాధ్యము కాదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము 1996లో దేశములో నాలుగే జిల్లాలలో ఆరంభమయినప్పుడు వానిలో మన మెదక్ ఒకటి. తరువాతి కాలములో పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాలలో ఒక ప్రయత్నము జరిగినది. ముందుగా ఈ జబ్బులను గురించి గ్రామస్థులకు బోధించిరి. ఆశా కార్యకర్తలు ఇంటింటికి పోయి కొన్ని ప్రశ్నలడిగి, బాధలో నున్నవారిని గుర్తించిరి. వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుల వద్దకు పంపిరి. ఆ ఫలితములు 2017లో ప్రచురింపబడినవి. కుంగుబాటు, ఆందోళన కలవారిలో వైద్యము పొందువారు మొదట నూటికి ఒక్కరైనను లేరు, 0.8 శాతమే. ఆ ప్రయత్నము పిదప 12.6 శాతమునకు పెరిగిరి.

నూటికి సుమారు పదముగ్గురు అనగా ఇంకను ఎనుబది ఏడుగురు మిగిలియున్నారు. చేయవలసినది చాల కలదు. అయినను పిలుపు కొరకు ఎదురు చూడక ఇంటి ముంగిటికి పోయినచో గూడెములోని మనిషి కూడ వైద్యమునకు వచ్చునని తేలినది.

జబ్బును గుర్తించుట ఎట్లు?

మన పల్లెలలో "నాకు కుంగుబాటు" అని ఎవరును చెప్పరు. "గుండె దడ", "తల బరువు", "ఒళ్ళంతా నీరసం", "మనసు మనసులో లేదు" అందురు. రెండు వారములకు మించి ఈ లక్షణములున్నచో ఆలస్యము చేయరాదు.

నిద్ర పట్టకపోవుట లేక తెల్లవారుజామున మెలకువ వచ్చి మరల పట్టకపోవుట, ఆకలి చచ్చిపోవుట, పశువుల మేత, చేను పని పట్టించుకొనకపోవుట, నలుగురిలోనికి రాకపోవుట, త్రాగుడు హఠాత్తుగా పెరుగుట, "నేను లేకపోతే మీకు బరువు తగ్గుద్ది" వంటి మాటలు. ఎవరును లేకున్నను మాటలు వినబడుచున్నవనుట, అందరు తనకు కీడు తలపెట్టుచున్నారనుట మరియొక విధమగు జబ్బు. దానికి కూడ చికిత్స కలదు.

చావు మాట ఎత్తినవానిని "చచ్చిపోవాలనిపిస్తోందా, అన్నా?" అని నెమ్మదిగా, సూటిగా అడుగవచ్చును. అడిగినచో లేని ఆలోచన పుట్టునని చాలమంది భయపడుదురు. అట్లు పుట్టదు. అడిగినవాడు ఒకడున్నాడని మనిషికి ఊరట కలుగును. చెప్పినంతసేపు వినవలెను. ఒంటరిగా వదలరాదు. ఆ ఇంటిలోని పురుగుమందులను పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపు చెవి నమ్మకమైన బంధువు వద్ద నుంచవలెను. ప్రాణాపాయమున్నచో 108కి ఫోను చేయవలెను.

మందు వాడుట ఒక సేద్యము వంటిది. ఈనాడు ఎరువు వేసిన ఈనాడే పైరు పచ్చబడదు. కుంగుబాటు మందు పని చేయుటకు సాధారణముగా రెండు నుండి నాలుగు వారములు పట్టును. బాగుగా నున్నదని మధ్యలో మానివేయరాదు. ఎప్పుడు ఆపవలెనో వైద్యుడు చెప్పును. నిద్రమాత్రలను దుకాణములో అడిగి కొని మ్రింగరాదు. గుడికి, దర్గాకు, చర్చికి పోవుట మీ యిష్టము. మ్రొక్కుకొనండి, మందు మాత్రము మానకండి.

గ్రామాధికారులు చేయదగిన పనులు

మొదటిది: రానివారి జాబితా వ్రాయండి. వైద్య శిబిరమునకు ఎందరు వచ్చిరో అందరు లెక్కింతురు. ఏ వాడనుండి, ఏ తండానుండి, ఏ కౌలుదారు ఇంటినుండి ఎవరును రాలేదో లెక్కించినవారు తక్కువ. ఆ జాబితాతో ఏ.ఎన్.ఎమ్., ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలను ముందుగా అక్కడికి పంపవలెను.

రెండవది: చోటు, వేళ సరిగా నిర్ణయించండి. అందరు సంకోచము లేక అడుగు పెట్టగల చోటనే సమావేశము జరుపవలెను. పెద్దల యింటి అరుగు అట్టి చోటు కాదు. కూలివారు పనినుండి వచ్చిన తరువాతనే పెట్టవలెను.

మూడవది: స్త్రీలతో స్త్రీలే విడిగా మాటలాడవలెను. భర్త, అత్త ఎదుట నిలువబెట్టి అడిగినచో ఏ ఇల్లాలును నోరు విప్పదు.

నాల్గవది: భాష. కోయ, గోండు, సవర, లంబాడి మాటలాడువారికి వారి భాష తెలిసినవారిని తోడు తీసికొని పోవలెను. బాధ చెప్పుకొనుటకు తన భాష కావలెను.

ఐదవది: రహస్యము కాపాడండి. ఒకరి జబ్బు సంగతి రచ్చబండ మీద వినబడిన నాటినుండి రెండవవాడు మీ వద్దకు రాడు. "పిచ్చోడు" అను మాట మీ నోట రాకుండ చూచుకొనండి.

ఆరవది: దీర్ఘకాలపు మనోవ్యాధి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో కూడ చేరియున్నది. అర్హులకు ధ్రువపత్రము ఇప్పించుటకు తోడ్పడవలెను.

ఎవరికైనను, ఏ వేళనైనను టెలి మానస్ సహాయ కేంద్రమునకు ఫోను చేయవచ్చును. సంఖ్య 14416. ఇది 2022 అక్టోబరు 10న ప్రారంభమయినది. ఖర్చు లేదు. పగలు, రాత్రి పని చేయును. తెలుగులో మాటలాడుదురు. ఫోను లేనివారికి మీ ఫోను ఇచ్చి, వారు మాటలాడునంతసేపు కొంచెము దూరముగా నిలువండి.

చివరగా

పైన చెప్పిన మూడు ఇండ్లలో మొదటి యింటివాడు బ్రదికి బాగుపడుట మనకందరికి సంతోషమే. అతని వైద్యమును తగ్గించి ఇతరులకు పంచుమని ఎవరును అడుగుట లేదు. మిగిలిన రెండు ఇండ్లకు కూడ అదే వైద్యము చేరవలెననియే కోరుచున్నాము.

ఈ వారము పొలమునుండి తిరిగి వచ్చునపుడు ఒక్కసారి ఆ దారిన రండి. కౌలు రైతు అరుగు మీద కూర్చుండి "నిద్ర పడుతోందా, తమ్ముడూ?" అని అడుగండి. వాడలోని బాలింత ఎట్లున్నదో మీ ఇంటి ఆడవారిని చూచి రమ్మనండి. గట్టు వెంట నడచినవానికే చివరి మడి ఎండినదో తడిసినదో తెలియును.