పొగబండి దాహం

1854వ సంవత్సరం ఆగస్టు 15వ తేదీ ఉదయం 8.30 గంటలకు, నాటి కలకత్తాకు ఎదురుగా నది ఆవలి ఒడ్డునున్న హౌరా నుండి ఈస్టిండియన్ రైల్వేవారి మొదటి ప్రయాణికుల బండి బయలుదేరింది. 24 మైళ్ళ దూరంలోని హుగ్లీ పట్టణాన్ని 91 నిమిషాలలో చేరుకుంది. 1855లో ఆ దారి రాణిగంజ్ బొగ్గుగనుల దాకా సాగింది. బొగ్గుకు ఇక కొరత లేదు. కాని పొగబండికి ఆకలికన్న దాహమే ఎక్కువ!

పిస్టన్లను కదిలించిన ఆవిరి, పని తీరగానే పొగగొట్టం గుండా ఆకాశంలో కలిసిపోతుంది. తిరిగి నీరై బాయిలరును చేరదు. నడిచినకొద్దీ నీరు ఖర్చే. 1855లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో తయారై, హౌరా–రాణిగంజ్‌ల మధ్య తపాలా బండ్లను లాగిన ‘ఫెయిరీ క్వీన్’ ఇంజను తొట్టిలో సుమారు 3,000 లీటర్ల నీరు పట్టేది. 1947లో వచ్చిన డబ్ల్యు.పి. తరగతి ఇంజను టెండరులో సుమారు 25,000 లీటర్లు పట్టేది. అయినా దూర ప్రయాణాలలో మధ్యమధ్య ఆగి నీరు నింపుకోక తప్పేది కాదు.

మామూలు పంపులు అంత నీటిని కొద్ది నిమిషాలలో అందించడం కష్టం. అందుకే స్టేషన్ ఆవరణలో ఎత్తయిన కట్టడంపై ఇనుప రేకుల ట్యాంకు వెలిసింది. నది నుండో, చెరువు నుండో, బావి నుండో తోడిన నీరు నెమ్మదిగా అందులో చేరేది. అవసరమైనప్పుడు తన బరువుతోనే భూగర్భ గొట్టంలోకి దిగి, ప్లాట్‌ఫారం చివరనున్న స్తంభానికి ఉరికేది.

ఆ స్తంభానికి ఏనుగు తొండంవలె వంగి, అటూ ఇటూ తిరిగే చేయి ఉండేది. ఫైర్‌మన్ టెండరుపైకెక్కి, మూత తెరచి, దాని కొసనున్న తోలు లేదా కాన్వాసు గొట్టాన్ని లోపలికి జార్చేవాడు. కింద మరొకరు చక్రం తిప్పి నీరు వదిలేవారు. నిండగానే చక్రాన్ని మెల్లగా బిగించాలి. ఒక్కసారిగా మూస్తే పరుగెత్తే నీరు సమ్మెట దెబ్బవలె గొట్టాన్ని మోదుతుంది. పిదప చేతిని పట్టాలకు సమాంతరంగా తిప్పి ఉంచాలి. లేకుంటే వచ్చే బండికి తగులుతుంది.

నీరందకపోతే కలిగేది ఆలస్యమొక్కటే కాదు. బాయిలరులో నీటిమట్టం కొలిమి కప్పుకన్న దిగువకు జారితే, ఆ లోహపు రేకు కాలి మెత్తబడి, ఆవిరి ఒత్తిడికి బద్దలు కావచ్చు. ఆ ముప్పు కోసమే కప్పులో సీసం నింపిన బిరడాను అమర్చేవారు. నీరు తగ్గితే సీసం కరిగి, ఆవిరి కొలిమిలోకి చిమ్మి సిబ్బందిని హెచ్చరించేది. అయినా డ్రైవరు చూపు గాజుగొట్టంలోని నీటిమట్టాన్ని విడిచేది కాదు.

1957లో హౌరా–శేవరాఫులిల మధ్య విద్యుత్ రైళ్ళు నడిచాయి. 1970లో చిత్తరంజన్ కర్మాగారం తన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజనును నిర్మించింది. 1995తో బ్రాడ్‌గేజిపై నిత్యం నడిచే ఆవిరి బండ్ల శకం ముగిసింది. దాహం లేని ఇంజనులు వచ్చాక నీటి స్తంభాలకు పని లేకపోయింది. ఒకనాటి ప్రయాణికులు వాటివద్ద జరిగే నిలుపుదలకు విసుక్కొని ఉండవచ్చు. కాని వారిని క్షేమంగా గమ్యం చేర్చినది ఆ కాసేపటి నిలుపుదలే.